అరబ్బుల ఆచారం, ఇస్లాం ఆజ్ఞ

గల్ఫ్‌కు వెళ్లొచ్చినవాళ్ల మాటల్లో అక్కడి సంగతులన్నీ కలగలిసి వస్తాయి. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకోవడం, ఆడవాళ్లు నల్లటి అబాయా వేసుకోవడం, పెద్ద పళ్లెం చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని తినడం, అజాన్ వినగానే దుకాణాలు మూసేయడం, శుక్రవారం సెలవు. వినేవాళ్లు వీటన్నిటినీ ‘వాళ్ల మతం అంతే’ అని తేల్చేస్తారు. హైదరాబాద్‌లోనో కర్నూలులోనో ఒక ముస్లిం కుటుంబం ఇవే సంగతులు విని మరోలా అనుకుంటుంది: ప్రవక్త పుట్టిన గడ్డ మీద ఇలా ఉన్నారు కనుక ఇదే అసలైన ఇస్లాం, మన తాతలు పాటించింది కల్తీ. మొదటివాళ్లది దూరం పెట్టే చూపు, రెండోవాళ్లది భక్తి. పొరపాటు మాత్రం ఇద్దరిదీ ఒకటే. అరబ్బులు చేసేదంతా ఇస్లాం అనుకోవడం.

ఈ పొరపాటుకు మూల్యం చెల్లించినవాళ్లు ఉన్నారు. మతం పేరు చెప్పి ఆడపిల్లల శరీరాలను కోశారు, వంశం తక్కువని పెళ్లిళ్లు ఆపారు, ఇళ్లలో పనికి వెళ్లిన మన ఆడవాళ్ల గోడును ‘అక్కడంతే’ అని కొట్టిపారేశారు. అందుకని ఏది అరబ్బుల ఆచారం, ఏది ఇస్లాం ఆజ్ఞ అన్న ప్రశ్నను పండితుల వాదంగా వదిలేయడానికి వీల్లేదు. అలాగని గీత గీసి అటూ ఇటూ పంచేసేంత తేలిక కూడా కాదు.

ముందు జనం లెక్క చూద్దాం. ప్రపంచంలో ముస్లింలు దాదాపు 200 కోట్లు. అందులో అరబ్బులు ఐదో వంతు. ఎక్కువ మంది ముస్లింలున్న దేశం ఇండోనేషియా. అరబ్ లీగ్‌లోని 22 దేశాల ముస్లింలందరినీ కలిపినా భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ ముస్లింల సంఖ్యకు చేరదు. అరబ్బులంతా ముస్లింలు కాదన్నది కూడా అంతే నిజం. ఈజిప్టులో కోప్టులు, లెబనాన్‌లో మారొనైట్లు క్రైస్తవులు. వాళ్ల ప్రార్థనల్లో దేవుడి పేరు అల్లా. ఖలీల్ జిబ్రాన్ మారొనైట్ కుటుంబంలో పుట్టాడు. అరబ్బు జాతీయవాదానికి బాత్ పార్టీ రూపమిచ్చిన మిషెల్ అఫ్లక్ క్రైస్తవుడు. దమాస్కస్‌లో ఉమయ్యద్ ఖలీఫాల కొలువులో పేరు మోసిన అరబ్బీ కవి అల్ అఖ్తల్ కూడా క్రైస్తవుడే. ఇస్లాం రాకముందే అరబ్బుల దగ్గర గొప్ప కవిత్వం ఉంది, అతిథి మర్యాద ఉంది, తెగల పౌరుషం ఉంది, పగ సాధించే పద్ధతి ఉంది. అవన్నీ మతం కంటే పాతవి.

ఇస్లాం ఆ పాత సమాజంలోనే పుట్టింది. దాన్ని పూర్తిగా తుడిచిపెట్టలేదు, పూర్తిగా ఒప్పుకోనూ లేదు. ఆడశిశువులను పాతిపెట్టడాన్ని ఖురాన్ తీవ్రంగా ఖండించింది. ఆస్తిలో ఆడవాళ్లకు వాటా లేని చోట వాటా ఇచ్చింది. పెళ్లాల సంఖ్యకు హద్దు పెట్టింది. హజ్‌ను ఉంచింది గానీ అందులోని విగ్రహాలను తీసేసింది. ఈ చివరి విషయం దగ్గర కాసేపు ఆగాలి. సఫా, మర్వా గుట్టల మధ్య నడిచే ఆచారం పాతకాలం నుంచీ ఉంది. కొత్తగా ముస్లింలైనవాళ్లు ఇది ఇస్లాంకు ముందటి జాహిలియ్యా కాలపు పని కదా, చేయవచ్చా అని సందేహించారు. చేస్తే తప్పు లేదని ఖురాన్ రెండో అధ్యాయంలో ఆయత్ వచ్చింది. అదే అధ్యాయంలో ఇంకో ఆయత్ దీనికి ఎదురుదిక్కుగా పనిచేస్తుంది. ఖురైష్ తెగవాళ్లు కాబా సంరక్షకులం మేము అనే గొప్పతో మిగతా యాత్రికులతో పాటు అరఫాత్ మైదానానికి వెళ్లేవారు కాదు. జనమంతా ఎక్కడి నుంచి బయలుదేరతారో మీరూ అక్కడి నుంచే బయలుదేరండి అని ఆజ్ఞ వచ్చింది. ఒక పాత అలవాటుకు అనుమతి దొరికింది, ఇంకో పాత గర్వానికి దొరకలేదు. ఆచారం అరబ్బులదా కాదా అని అక్కడ చూడలేదు. అందులో విగ్రహం ఉందా, తెగ అహంకారం ఉందా అన్నదే చూశారు. అరబ్బు సంస్కృతికీ ఇస్లాంకూ మొదటి సరిహద్దు మక్కాలోనే, సాక్షాత్తూ ప్రవక్త సొంత తెగ మీదే పడింది.

ప్రవక్త అలవాట్ల సంగతీ ఇలాంటిదే. ఆయన ఖర్జూరం తిన్నారు, పొడుగు చొక్కా వేశారు, ఒంటె ఎక్కారు, గడ్డం పెంచారు. ఆయనను చంపాలని చూసిన అబూ జహల్‌కూ ఇవే దుస్తులు, ఇదే తిండి. మదీనాలో ఖర్జూరపు చెట్లకు రైతులు చేతితో పరాగం అద్దుతుంటే అది అవసరమా అన్నట్టు ప్రవక్త మాట్లాడారనీ, వాళ్లు మానేస్తే ఆ ఏడు కాపు దెబ్బతిన్నదనీ, మీ లోకవ్యవహారాలు మీకే బాగా తెలుసని ఆయన అన్నారనీ ‘సహీహ్ ముస్లిం’ హదీసు సంకలనంలో ఉంది. ధర్మశాస్త్ర పండితులు దీన్ని పట్టుకుని చాలా దూరం వెళ్లారు. హనఫీలు ఆరాధనకు చెందిన సున్నత్‌ను (ప్రవక్త ఆచరణను), మనిషిగా ఆయనకున్న అలవాట్లను వేరు చేశారు. రెండోవి అనుసరిస్తే మంచిదే, అనుసరించకపోతే పాపం లేదు. 13వ శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న మాలికీ పండితుడు ఖరాఫీ ప్రవక్త చేసిన పనులను ధర్మం చెప్పేవాడిగా చేసినవి, న్యాయమూర్తిగా చేసినవి, పాలకుడిగా చేసినవి అని విడదీసి, అన్నీ అందరికీ ఒకేలా వర్తించవని రాశాడు. అంటే ఈ ప్రశ్న ఇప్పటి ఆధునికులు పుట్టించింది కాదు. సంప్రదాయ పండితులే ఏడెనిమిది వందల ఏళ్ల కిందట దీన్ని పట్టించుకున్నారు.

మన దేశంలో ఈ ప్రశ్నను అందరికంటే లోతుగా తడిమినవాడు ఢిల్లీకి చెందిన షా వలీయుల్లా (1703–1762). ఏ ప్రవక్త అయినా తన ఎదుట ఉన్న జనం అలవాట్లనే ముడిసరుకుగా తీసుకుని ధర్మం చెబుతాడని ఆయన ‘హుజ్జతుల్లాహిల్ బాలిగా’లో వాదించాడు. ఆ వాదనను 20వ శతాబ్దంలో ఇక్బాల్ ఎంతో దూరం తీసుకెళ్లాడు. 1930 అలహాబాద్ ప్రసంగంలో అరబ్బు సామ్రాజ్యం ఇస్లాం మీద వేసిన ముద్రను వదిలించుకునే అవకాశం గురించి మాట్లాడాడు. అయితే అదే వలీయుల్లా తన వీలునామాలో, మనం ఈ నేలకు పరాయివాళ్లం, అరబ్బు వంశం, అరబ్బీ భాష మనకు గర్వకారణం, వాటిని వదలకూడదు అని కూడా రాశాడు. ఒక్క మనిషిలోనే రెండు మాటలూ ఉన్నాయి. భారతీయ ముస్లిం ఆలోచనలో ఆ లాగులాట నేటికీ తీరలేదు.

మాట ఒకటి, నడవడి ఒకటి అయిన చరిత్ర ఇంకా వెనక మొదలైంది. చివరి హజ్ ప్రసంగంలో అరబ్బుకు అరబ్బేతరుడి మీద ఏ ఆధిక్యమూ లేదని ప్రవక్త చెప్పారని ముస్లింలు అందరూ చెప్పుకుంటారు. ఆయన పక్కన ఇథియోపియా మూలాల బిలాల్ ఉన్నాడు, పారశీకుడు సల్మాన్ ఉన్నాడు. తన మేనత్త కూతురు జైనబ్‌ను విముక్తి పొందిన బానిస జైద్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. ఆయన పోయిన కొన్ని దశాబ్దాలకే ఉమయ్యద్ పాలనలో ఇస్లాం స్వీకరించిన పారశీకులు ఏదో ఒక అరబ్బు తెగకు అనుబంధంగా చేరాల్సి వచ్చింది. వాళ్లను మవాలీలన్నారు. ముస్లింలైనా చాలా చోట్ల ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను వసూలు ఆగలేదు. ఖలీఫా రెండో ఉమర్ (717–720) దాన్ని ఆపబోయాడు. ఆ కోపమే ఖురాసాన్‌లో రగిలి 750లో అబ్బాసిద్‌లను గద్దెనెక్కించింది. ఆ తర్వాత జరిగింది చూడండి. సున్నీలు ప్రామాణికంగా భావించే ఆరు హదీసు సంకలనాల కర్తలు ఆరుగురూ అరేబియా బయట పుట్టినవాళ్లు: బుఖారా, నిషాపూర్, తిర్మిజ్, నసా, ఖజ్విన్, సిజిస్తాన్. అరబ్బీ వ్యాకరణానికి పునాది వేసిన సీబవైహ్ పారశీకుడు. అరబ్బులు తెచ్చిన మతాన్ని శాస్త్రంగా నిలబెట్టిన వాళ్లలో అరబ్బేతరులే ముందున్నారు.

అయినా తెగ గర్వం పోలేదు, శాస్త్రంలోకే దూరింది. పెళ్లిలో వరుడు వధువుకు సమానస్థుడై ఉండాలన్న ‘కఫా’ నియమం కింద హనఫీ గ్రంథాల్లో వంశం కూడా చేరింది: ఖురైష్‌కు ఖురైష్ సాటి, అరబ్బుకు అరబ్బు సాటి, అరబ్బేతరుడు అరబ్బు స్త్రీకి సాటి కాడు. ఇమాం మాలిక్ దీన్ని ఒప్పుకోలేదు, ధర్మనిష్ఠ ఉంటే చాలన్నాడు. భారతదేశపు ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు. సయ్యద్, షేక్, మొఘల్, పఠాన్ అని పైమెట్లు కట్టి, ఇక్కడే పుట్టి ఇక్కడి వృత్తులు చేసేవాళ్లను కిందమెట్టు మీద ఉంచడానికి ఆ నియమం ఊతమిచ్చింది. నూర్‌బాషాలు ఇంట్లో తెలుగు మాట్లాడతారని వాళ్ల ముస్లింతనాన్ని తక్కువగా చూసిన సందర్భాలు మన జిల్లాల్లో ఎన్నో. అరబ్బు తెగల అహంకారమూ ఇక్కడి కుల వ్యవస్థా చేతులు కలిపితే ఏమవుతుందో అదే ఇది. దీనికి ప్రవక్త పేరు వాడుకోవడం నాకు మింగుడు పడదు.

ఈ గర్వానికి గట్టిగా ఎదురు తిరిగింది ఇండోనేషియాలో. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వలస వెళ్లిన సయ్యద్ కుటుంబాలు తమ ఆడపిల్లలను సయ్యద్ కానివారికి ఇవ్వడం నిషిద్ధమన్నాయి. సూడాన్‌లో పుట్టి అక్కడికి బోధకుడిగా వెళ్లిన అహ్మద్ సుర్కతీ అలాంటి పెళ్లి చెల్లుతుందని తీర్పు చెప్పాడు. సయ్యద్‌ల బడి నుంచి బయటకు రావాల్సి వచ్చింది. 1914లో బతావియాలో, అంటే నేటి జకార్తాలో, అల్ ఇర్షాద్ అనే సంస్థ పుట్టింది. ఆ తగువు దశాబ్దాల పాటు నడిచింది. వాదించుకున్న ఇరుపక్షాలూ అరబ్బీ మాట్లాడేవాళ్లే. ఒకరికి వంశం మతం, ఇంకొకరికి వంశాన్ని కాదనడం మతం.

ఇక మతం పేరుతో చలామణీ అయ్యే ఆచారాలు. ఆడపిల్లలకు చేసే సున్తీ వీటిలో అన్నిటికంటే బాధాకరమైనది. ఈజిప్టులో ముస్లిం తల్లులూ చేయించారు, కోప్టు క్రైస్తవ తల్లులూ చేయించారు. ఇథియోపియాలో క్రైస్తవుల్లోనూ ఉంది. నైలు నది వెంబడి ఇస్లాం కంటే, క్రైస్తవం కంటే పాతది ఇది. ఖురాన్‌లో దీని ప్రస్తావన లేదు. 2007లో ఒక చిన్నారి ప్రాణం పోయాక అల్ అజ్హర్ పరిశోధనా మండలి దీనికి షరియత్‌లో ఆధారం లేదని ప్రకటించింది. 2008లో ఈజిప్టు చట్టం దీన్ని నేరం చేసింది. ఇక్కడితో ఆపితే కథ సుఖాంతం. కానీ షాఫీ ధర్మశాస్త్రంలో దీన్ని విధి అని రాసిన పండితులున్నారు. ఆ శాఖ వ్యాపించిన ఇండోనేషియాలో చాలా కుటుంబాలు దాన్ని మతవిధిగానే చేయిస్తున్నాయి. మన దేశంలో దావూదీ బోహ్రాల్లో ఇది ఉంది, ఆ సముదాయపు స్త్రీలే దీని మీద పోరాడుతున్నారు. పుట్టుక సంస్కృతిలోనే కావచ్చు. పండితుడు పుస్తకంలో చోటిచ్చిన రోజున అది మతం వేషం కట్టింది. ‘ఇది మతం కాదు, సంస్కృతి’ అని చేతులు దులుపుకోవడం ఆ పిల్లకు సాయం చేయదు. పుస్తకంలో ఉన్నదాన్ని పుస్తకంలోనే ఎదుర్కోవాలి.

పరువు హత్యల విషయంలో మాత్రం గీత స్పష్టంగా ఉంది. భార్య మీద అనుమానం వచ్చి సాక్షులు లేని భర్తకు ఖురాన్ 24వ అధ్యాయం ఒక దారి చూపింది. అతను ప్రమాణం చేయాలి, ఆమె కాదని ప్రమాణం చేస్తే ఆమెకు శిక్ష లేదు, ఇద్దరూ విడిపోతారు. కత్తికి అందులో చోటే లేదు. జోర్డాన్‌లో ఇలాంటి హంతకులకు శిక్ష తగ్గించే 340వ సెక్షన్ ఉంది. దాని మూలం 1810 నాటి నెపోలియన్ శిక్షాస్మృతిలో, ఉస్మానియా చట్టం మీదుగా వచ్చింది. 2018లో మిర్యాలగూడలో కులం పేరుతో జరిగిన పరువు హత్యను చూసినవాళ్లకు, పరువు కోసం ప్రాణం తీయడానికి ఫలానా మతమే కావాలని ఎవరూ చెప్పనక్కర్లేదు.

సౌదీలో ఆడవాళ్ల డ్రైవింగ్ మీద నిషేధం మరో పాఠం. 1990 నవంబర్ 6న 47 మంది స్త్రీలు రియాద్ వీధుల్లో కార్లు నడిపారు. వాళ్ల ఉద్యోగాలు ఆగాయి, పాస్‌పోర్టులు పోయాయి, మసీదుల్లో వాళ్ల పేర్లు చదివి దూషించారు. అప్పుడే సౌదీ పండితుడు ఇబ్న్ బాజ్ ఫత్వా వచ్చి, అప్పటిదాకా వాడుకగా ఉన్న నిషేధం ధర్మమైపోయింది. మిగతా ముస్లిం దేశాల్లో దాదాపు ఎక్కడా అలాంటి నిషేధం లేదు. ప్రవక్త భార్య ఆయిషా 656లో ఒంటె మీద యుద్ధభూమికి వెళ్లిందన్న సంగతి అందరికీ తెలిసిందే. 2017 సెప్టెంబర్‌లో రాజాజ్ఞ వచ్చింది. పెద్ద పండితుల మండలిలో అధికులకు మతపరమైన అభ్యంతరం కనిపించలేదని అందులో రాశారు. 2018 జూన్ 24 నుంచి స్త్రీలు బండి నడపసాగారు. అంతకు నెల ముందు, ఆ హక్కు కోసం పోరాడిన లుజైన్ అల్ హత్లూల్‌నూ మరికొందరినీ అరెస్టు చేశారు. హక్కు ఇచ్చింది రాజు, అడిగినవాళ్లు జైల్లో. మత గ్రంథాల్లో ఈ మధ్య కొత్త వాక్యమేమీ చేరలేదు. మారింది రాజ్యం అవసరం.

దుస్తుల గురించి ఇంత చర్చ అక్కర్లేదు. ఒళ్లు కప్పుకునే నియమం ఖురాన్‌లో ఉంది. చూపు దించుకోమని మొదట మగవాళ్లకే చెప్పింది, ఆ మాట ఎందుకో తక్కువ వినిపిస్తుంది. రంగు, కుట్టు, పేరు మాత్రం ప్రాంతానివి. ముఖం కప్పడం మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు. హజ్‌లో ఇహ్రామ్ కట్టిన స్త్రీ నఖాబ్ వేయకూడదు. 2018 ఫిబ్రవరిలో సౌదీ పెద్ద పండితుల మండలి సభ్యుడు అబ్దుల్లా అల్ ముత్లఖ్, ప్రపంచంలోని ధర్మనిష్ఠ గల ముస్లిం స్త్రీలలో 90 శాతానికి పైగా అబాయా వేసుకోరు, దాన్ని బలవంతం చేయకూడదు అన్నాడు. మన పల్లెల్లో చీర కొంగు తల మీదుగా కప్పుకుని నమాజు చేసిన అవ్వలు ఆ 90 శాతంలోని వాళ్లే.

నచ్చనివన్నీ అరబ్బు సంస్కృతి ఖాతాలో వేసి, నచ్చినవన్నీ ఇస్లాం ఖాతాలో వేసే ధోరణి ఒకటి ఈ మధ్య బాగా పెరిగింది. అది నిజాయితీ కాదు. కొడుకుకు రెండు వాటాలు, కూతురికి ఒకటి అన్నది ఖురాన్‌లోనే ఉంది. నలుగురు భార్యల దాకా అనుమతి ఖురాన్‌లోనే ఉంది. వీటిని ఏం చేయాలన్నదే అసలు చర్చ. పాకిస్తాన్ వదిలి అమెరికా చేరిన పండితుడు ఫజ్లుర్ రహ్మాన్, ఆజ్ఞ వెనకున్న ఉద్దేశం ఏమిటో అప్పటి అరబ్బు సమాజంలో పెట్టి చదివి, ఆ ఉద్దేశాన్ని నేటికి తేవాలన్నాడు. ట్యునీషియా 1956లోనే బహుభార్యత్వాన్ని నిషేధించింది. అది అరబ్బు దేశం. అరబ్బుల దేశం కాని భారత్‌లో ముస్లిం వ్యక్తిగత చట్టం కింద అది చాలా రాష్ట్రాల్లో నేటికీ చెల్లుతుంది. మరి ఎవరిది అరబ్బు ఆచారం, ఎవరిది మతం?

అరబ్బు నేలకు దూరంగా ఇస్లాం తొడుక్కున్న రూపాలు చూస్తే మనసు నిండుతుంది. సుమత్రాలోని మినంగ్కబావు ప్రజలు నిష్ఠ గల ముస్లింలు. ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వెళ్తాయి. మాతృవంశ సమాజాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. లక్షద్వీప్‌లోనూ, కన్నూరు, కోజికోడ్ తీరంలోని కొన్ని మాప్పిళ్ల కుటుంబాల్లోనూ తల్లి వైపు తరవాడ్లు (ఉమ్మడి కుటుంబాలు) నడిచాయి. జావాలో కుదుస్ మసీదు మినార్ ఇటుకలతో హిందూ ఆలయం గోపురంలా ఉంటుంది. మాలిలోని జెన్నే మసీదు మట్టిది. చైనాలోని షియాన్ మసీదుకు గుమ్మటమే లేదు. ఆ మాటకొస్తే ప్రవక్త కట్టిన మదీనా మసీదుకూ గుమ్మటం లేదు, మినార్ లేదు, ఖర్జూరపు మొద్దులే స్తంభాలు. 2015లో ఇండోనేషియాలోని నహ్దలతుల్ ఉలమా సంస్థ తమ మహాసభకు ‘ఇస్లాం నుసాంతారా’ అని, అంటే తమ దీవుల ఇస్లాం అని, పేరు పెట్టుకుని ఈ స్థానికతను గర్వంగా చాటింది. ఇస్లాంకు ప్రాంతం పేరు తగిలించడమేమిటని అక్కడే కొందరు తప్పుబట్టారు.

మన దగ్గర పీర్ల పండుగ ఉంది. 680లో ఇరాక్ ఎడారిలో అరబ్బుల మధ్య జరిగిన కర్బలా యుద్ధం ఇరాన్ షియాల శోకంగా మారి, కుతుబ్ షాహీల గోల్కొండకు వచ్చి, అక్కడి నుంచి తెలంగాణ పల్లెల్లోకి దిగింది. పీర్ల కొట్టం, గుండం, మలీద, అలాయ్ ఆట. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా పీర్లను లేపుతారు. పండితుల దృష్టిలో ఇందులో చాలా భాగం మతం కిందికి రాదు. ఊరి దృష్టిలో పండుగే. నాకు ఇది అపురూపమైన ఆస్తి. అయితే స్థానికమైనదంతా మంచిదనే వాదన కూడా నిలవదు. దానికి రుజువు కూడా మన హైదరాబాద్‌లోనే ఉంది. ఖురాన్ ప్రకారం వరుడు వధువుకు మెహర్ ఇవ్వాలి. ఇక్కడి పెళ్లిళ్లలో ‘జోడే కీ రఖమ్’ పేరుతో వధువు తండ్రి వరుడికి నగదు ఇస్తాడు, మెహర్ కాగితం మీద మిగిలిపోతుంది. 1961 వరకట్న నిషేధ చట్టం మెహర్ కట్నం కాదని విడిగా రాసింది. చట్టానికి తెలిసిన తేడా పెళ్లిపందిట్లో మాయమవుతోంది. ఈ ఒక్క విషయంలో అరబ్బుల పద్ధతి, ఖురాన్ ఆజ్ఞ ఒకవైపున్నాయి, మన తెలుగు ఆచారం అన్యాయం వైపుంది.

స్థానిక రూపాలన్నిటినీ కడిగి మూలానికి వెళ్దామన్న ఉద్యమాల్లో పేరుమోసింది ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్‌ది. ఆయనా షా వలీయుల్లా పుట్టిన 1703లోనే పుట్టాడు. 1744లో సౌద్ వంశంతో ఒప్పందం కుదిరింది. ఆయన మొదట యుద్ధం ప్రకటించింది అరబ్బుల ఆచారాల మీదే. నజ్ద్ ప్రాంతపు చెట్ల పూజ, సమాధుల పూజ ఆయనకు విగ్రహారాధనగా కనిపించాయి. 20వ శతాబ్దంలో ఆయన అనుయాయులు మదీనాలోని బఖీ శ్మశానంలో ప్రవక్త కుటుంబీకుల సమాధుల మీది కట్టడాలను కూల్చారు. సంస్కృతిని తీసేస్తే మతం మిగులుతుందని వాళ్ల నమ్మకం. మిగిలింది నజ్ద్ ఎడారి అలవాట్లే. 1973 తర్వాత చమురు డబ్బు, గల్ఫ్ వలస వాటిని ఊరూరా చేర్చాయి. ఖుదా హాఫిజ్ పోయి అల్లా హాఫిజ్ వచ్చింది, దర్గాకు వెళ్లే కుటుంబంలో ఒకరు వెళ్లడం మానేశారు. ఫ్రెంచ్ పండితుడు ఒలివియె రోయ్ దీన్ని సంస్కృతి నుంచి ఊడిపడిన మతం అంటాడు. అది వేర్లు లేకుండా ఎక్కడికైనా ప్రయాణిస్తుంది.

పండితులు ఈ ప్రశ్నను నాలుగు రకాలుగా పట్టుకున్నారు. మార్షల్ హాడ్జ్‌సన్ (1974) మతానికి ఒక పేరు, ముస్లింల ఏలుబడిలో పెరిగిన నాగరికతకు ఇంకో పేరు పెట్టమన్నాడు. ఆ నాగరికతలో యూదులకూ క్రైస్తవులకూ హిందువులకూ వాటా ఉందని చెప్పడానికి ఇది పనికొస్తుంది. క్లిఫర్డ్ గీర్ట్జ్ (1968) మొరాకోనూ ఇండోనేషియానూ పక్కపక్కన పెట్టి, ఒకే మతం రెండు స్వభావాలుగా ఎలా మారిందో చూపించాడు. చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, చివరికి ఎన్ని దేశాలుంటే అన్ని ఇస్లాంలు అన్న చోట వదిలేస్తుంది. తలాల్ అసద్ (1986) దాన్ని సరిచేశాడు: ముస్లింలు ఎక్కడున్నా ఖురాన్, హదీసులతో తమ పనిని సమర్థించుకుంటూ వాదించుకుంటారు, ఆ వాదనే ఇస్లాం సంప్రదాయం. షహాబ్ అహ్మద్ పుస్తకం (2016) వీటన్నిటికంటే విశాలమైనది. బాల్కన్ల నుంచి బెంగాల్ దాకా ముస్లింలు పాడిన మధుగీతాలు, గీసిన బొమ్మలు ఇస్లాంకు బయటివి కావని, అందులోని వైరుధ్యాలతో సహా అదే ఇస్లాం అని ఆయన వాదన. మనసు ఆ వైపు లాగుతుంది. కానీ ఆచరణలో నాకు అసద్ చూపే ఉపయోగపడింది. ఏది మతం అని అడిగేకంటే, ఈ ఆచారాన్ని మతమని అంటున్నది ఎవరు, ఏ అధికారంతో, ఎవరి మీద అని అడగమంటుంది ఆ చూపు.

మన న్యాయస్థానాలు మాత్రం ఏది మతం అనే అడుగుతున్నాయి. 1954 శిరూరు మఠం తీర్పు నుంచి ‘ముఖ్యమైన మతాచారం’ అనే కొలబద్ద మొదలైంది. 1958లో హనీఫ్ ఖురేషీ కేసులో బక్రీద్‌కు ఆవును బలివ్వడం ముఖ్యాచారం కాదన్నారు. 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టు హిజాబ్ ముఖ్యాచారం కాదని తీర్పిచ్చింది. అదే ఏడు అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరొక మాట చెప్పారు. అసలు ఆ కొలబద్ద ఈ కేసుకు అవసరమే లేదు, ఇది ఆ అమ్మాయి ఎంపిక అన్న జస్టిస్ సుధాంశు ధూలియా మాట నాకు సరైనదనిపిస్తుంది. తల మీద గుడ్డ మతమో సంస్కృతో తేలేలోపు తరగతి గది తలుపు మూసుకుపోతే ఆ తేల్చడం ఎవరి కోసం?

అరబ్బు సంస్కృతి మతంతో పనిలేకుండా కూడా మన మధ్య హాయిగా బతుకుతోంది. హైదరాబాద్‌లోని బార్కస్ వాసుల పూర్వీకులు హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చారు. వాళ్లతో, సిద్దీలతో వచ్చిన మర్ఫా వాయిద్యం ఇప్పుడు హిందువుల బరాత్‌లోనూ వినాయకుడి ఊరేగింపులోనూ మోగుతుంది. అరబ్బుల హరీస్ ఇక్కడి మసాలాలతో హలీమ్ అయి 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. హద్రమౌత్ మందీ అన్నం విజయవాడలోనూ తింటున్నారు. దాన్ని తిన్నవాళ్లలో ఎవరూ మతం మారలేదు.

చివరగా కఫీల్ సంగతి. వలస కూలీ వీసా, ఉద్యోగం, ఇంటికి తిరుగు ప్రయాణం ఒక్క యజమాని చేతిలో పెట్టే కఫాలా పద్ధతిని చాలామంది అరబ్బు ఆచారమనో షరియత్ అనో అనుకుంటారు. ధర్మశాస్త్రంలో కఫాలా అంటే హామీ ఉండడం. కూలీని కట్టేసే ఈ రూపం మాత్రం 20వ శతాబ్దపు పాలనా ఏర్పాటు. ముత్యాల వేట రోజుల్లో బహ్రెయిన్‌లోని బ్రిటిష్ అధికారులు దాన్ని మలచిన తీరును చరిత్రకారులు రాశారు. లెబనాన్‌లో క్రైస్తవుల ఇళ్లలోనూ పనిమనుషులు ఇదే పద్ధతి కింద ఉన్నారు. కూలీ చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు మాత్రం ఇబ్న్ మాజా సంకలనంలో ఉంది. ఖతర్ 2020లో ఉద్యోగం మారడానికి యజమాని అనుమతి అక్కర్లేదంది. సౌదీ 2021 మార్చిలో కొన్ని సడలింపులు ఇచ్చి, ఇంటిపనివాళ్లను వాటిలో చేర్చలేదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా (ఇంటిపనిమనిషి) వీసా మీద వెళ్లే ఆడవాళ్లు ఆ చేర్చని జాబితాలో ఉన్నారు. వేధింపు భరించలేక ఇల్లు దాటితే కల్లివెల్లి అయిపోతారు, అంటే చట్టం కళ్లలో నేరస్థులు. వాళ్లను అక్కడ కట్టేసింది ఖురాన్ కాదు, బెడూయిన్ల సంప్రదాయమూ కాదు. ఒక మంత్రిత్వ శాఖ నిబంధన. రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకుంటే మార్చగలిగిన నిబంధన. మన ప్రభుత్వం ఆ సంప్రదింపుల్లో అడగాల్సింది కూడా అదే: ఇంటిపనివాళ్లను కార్మిక చట్టంలో చేర్చండి.